గోమారి కాటు నుంచి కిడ్నీ దాకా

కోనసీమలో కుక్కను పెంచే ఇంట్లో గోమార్లు (పిడుదులు) కొత్త సంగతి కాదు. చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద పట్టుకుని ఉంటాయి. చాలామంది దీన్ని చర్మానికి పట్టిన బెడదగానే చూస్తారు. ఏరి పారేసి ఊరుకుంటారు. అసలు నష్టం రక్తంలో మొదలవుతుంది. ఒక్కోసారి అది కిడ్నీల దాకా పోతుంది.

గోధుమరంగు కుక్క గోమారికి వెచ్చదనం కావాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు అది ఏడాది పొడవునా దొరుకుతుంది. ఆడ గోమారి రక్తం తాగి ఉబ్బాక కుక్కను వదిలేస్తుంది. గోడ పగుళ్లలో దూరి వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. అందుకే కుక్క ఒంటికి మాత్రమే మందు వేస్తే కొన్ని వారాలకే గోమార్లు మళ్లీ కనిపిస్తాయి.

గోమార్లు మోసుకొచ్చే జబ్బుల్లో రెండు ముఖ్యం. బేబీసియా అనే ఏకకణ పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లో చేరి వాటిని పగలగొడుతుంది. ఎర్లీషియా తెల్ల రక్తకణాల్లో ఉంటుంది. ఇది నిజానికి బ్యాక్టీరియా, కానీ తరచు రెండూ ఒకే కుక్కలో కనిపిస్తాయి. బేబీసియాలో గిబ్సోని అనే చిన్న రకాన్ని ప్యాటన్ అనే శాస్త్రజ్ఞుడు 1910లో మొదట వర్ణించింది మద్రాసులోని వేటకుక్కల రక్తంలోనే. అప్పటికి కోనసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఈ రకం కుక్కల కొట్లాటలో, కాట్ల ద్వారా కూడా అంటుకుంటుంది.

ఇక కిడ్నీ సంగతి. ఎర్ర కణాలు పగిలినప్పుడు వాటిలోని హీమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోసే ఎర్రని పదార్థం) రక్తద్రవంలో కలుస్తుంది. కిడ్నీ దాన్ని వడకడుతుంది. అప్పుడు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది. చాలామంది ఆ రంగు చూసే భయపడతారు. అయితే ఆ రంగు పదార్థం ఒక్కటే కిడ్నీని చెడగొట్టడం అరుదు. రక్తహీనత వల్ల ఆక్సిజన్ తగ్గుతుంది, రక్తపోటు పడిపోతుంది. మూత్రనాళికల (కిడ్నీలోని సన్నని గొట్టాల) కణాలు చచ్చిపోయేది ముఖ్యంగా అందువల్లే.

రెండో దెబ్బ నెమ్మదిగా తగులుతుంది. సూక్ష్మజీవితో పోరాడేందుకు శరీరం ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేస్తుంది. అవి సూక్ష్మజీవి ముక్కలకు అతుక్కుని, కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని పొరల్లో చిక్కుకుపోతాయి. అక్కడ వాపు వస్తుంది. రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్ మూత్రంలోకి కారిపోతుంది. ఎర్లీషియా దీర్ఘకాలం నిలిచిన కుక్కల్లో ఇది నెలల తరబడి సాగవచ్చు. కుక్క తింటూనే ఉంటుంది, తోక ఊపుతూనే ఉంటుంది.

అందుకే రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపే వ్యర్థపదార్థం) బాగుందంటే కిడ్నీ బాగున్నట్టు కాదు. కిడ్నీ సామర్థ్యంలో దాదాపు మూడొంతులు పోయాక గానీ ఆ అంకె పెరగదు. మూత్రంలో ప్రోటీన్ అంతకన్నా చాలా ముందే కనిపిస్తుంది. మూత్రంలోని ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి 0.5 దాటి, అది మళ్లీ చేసిన పరీక్షలోనూ తగ్గకపోతే పట్టించుకోవాలి. యూరియా సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. బేబీసియా సోకినప్పుడు కిడ్నీ బాగానే ఉన్నా అది పెరగవచ్చు. ఆ ఒక్క అంకె చూసి ఆశ వదులుకోకూడదు.

మందుల వల్ల కూడా కిడ్నీకి ప్రమాదం ఉంది, కానీ వాటిని ఎలా వాడామన్నదాన్ని బట్టి. పెద్ద రకం బేబీసియాకు ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ 14 రోజుల ఎడంతో రెండుసార్లు ఇస్తారు. చొంగ, వాంతి, విరేచనం వస్తాయి. వాటిని అడ్డుకోవడానికి ముందుగా అట్రోపిన్ ఇస్తారు. మోతాదు మించితే ఈ మందే కాలేయాన్నీ మూత్రనాళికలనూ దెబ్బతీస్తుంది. కుక్కను కాటాపై తూచాలి, బరువు కంటి అంచనాతో సరిపెట్టుకోకూడదు. ఒంట్లో నీరు తగ్గి ఉంటే ముందు సెలైన్‌తో సరిచేయాలి. గిబ్సోని రకం ఈ మందుకు పూర్తిగా లొంగదు. దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి 10 రోజులు వాడతారు. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ 28 రోజులు. అది ఎక్కువగా పేగుల ద్వారా బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ బలహీనంగా ఉన్నా సాధారణంగా ఇవ్వవచ్చు. జ్వరం తగ్గిందని వారానికే ఆపేస్తే జబ్బు లోపలే మిగిలిపోతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ మందులు కాదు, జ్వరం ఉందని ఇంట్లోవాళ్లు వేసే మాత్రలు. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి మనుషుల నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తసరఫరాను తగ్గిస్తాయి. అప్పటికే రక్తం తగ్గి, నీరసించిన కుక్కకు ఆ ఒక్క మాత్ర ప్రాణాంతకం కావచ్చు.

గోదావరి వరదల రోజుల్లో లంక గ్రామాల్లో ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా జ్వరం, కామెర్లు, కిడ్నీ వైఫల్యంగానే బయటపడుతుంది. అది మనుషులకూ అంటుకుంటుంది. చికిత్స వేరు. చూపులకు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి రక్తపు చుక్కను గాజుపలకపై పరిచి మైక్రోస్కోపు కింద చూడటం, అవసరమైతే పీసీఆర్ చేయించడం దండగ ఖర్చు కాదు.

చికిత్స ముగిశాక నెల రోజులకు మూత్రపరీక్ష మళ్లీ చేయించాలి. ప్రోటీన్ ఇంకా కారుతుంటే బెనజెప్రిల్ లాంటి మందులతో, ఆహారం మార్పుతో కిడ్నీని చాలాకాలం కాపాడుకోవచ్చు. తెల్లవారి తొలి మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టి, వీలైనంత త్వరగా పశువైద్యుడికి అందించాలి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచాలి.