నాన్న పేరు మీదున్న షాపు.. ఆయన పోతే కొడుక్కి వచ్చేస్తుందా? జీఎస్టీ రద్దు చేసేముందు ఇది చూసుకోండి

రోజూ గల్లా దగ్గర కూర్చునేది కొడుకే. సరుకు తెచ్చేదీ, బాకీలు వసూలు చేసేదీ అతనే. కానీ కాగితాల్లో ఉన్న పేరు మాత్రం తండ్రిది. ఆయన హఠాత్తుగా పోతే?

కిరాణా, బట్టల షాపు, స్వీట్ హౌస్.. ఇలా ఒక్కరి పేరు మీద నడిచే వాటిని ప్రొప్రైటర్ వ్యాపారాలు అంటారు. వీటిలో షాపు వేరు, యజమాని వేరు కాదు. జీఎస్టీ నంబర్‌లోనే యజమాని పాన్ ఉంటుంది. అందుకే తండ్రి నంబర్ మీద కొడుకు బిల్లులు కొట్టడం కుదరదు. తన పాన్‌తో కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. తండ్రి సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తాలూకు క్రెడిట్ ఆయన ఖాతాలో ఉండిపోతుంది. అది వారసుడికి రావాలంటే ఐటీసీ-02 ఫారం వేయాలి, దానికి సీఏ సర్టిఫికెట్ కూడా కావాలి. పాత రిజిస్ట్రేషన్ రద్దుకు అప్లికేషన్ పెట్టేది ఆ తర్వాతే. కంగారులో ముందే రద్దు చేయించారో, క్రెడిట్ చిక్కుల్లో పడ్డట్టే. ఇంకో మాట.. వ్యాపారం కొనసాగిస్తే తండ్రి కట్టాల్సిన పాత జీఎస్టీ బకాయి కూడా వారసుడి నెత్తి మీదే.

సరే, ఇంతకీ వారసుడు ఎవరు? హిందూ కుటుంబంలో వీలునామా లేకపోతే భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు.. అందరికీ సమాన వాటా. 'ఇరవై ఏళ్లుగా షాపు చూసుకుంది నేనే కదా' అంటే వాటా పెరగదు. నామినీగా పేరుంది కదా అనుకున్నా లాభం లేదు. షేర్ల విషయంలో నామినీ యజమాని అయిపోడని సుప్రీంకోర్టు 2023లో స్పష్టంగా చెప్పింది.

కొడుకుని పార్ట్‌నర్‌గా చేర్చుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తుంటారు. సగమే నిజం. ఉన్నది ఇద్దరే అయితే, ఒకరు పోయాక అది పార్ట్‌నర్‌షిప్ కానే కాదు. మూడో మనిషి ఉండాలి, ఒకరు పోయినా ఫర్మ్ నడుస్తుందని డీడ్‌లో రాసుకోవాలి. వన్ పర్సన్ కంపెనీ అయితే పెట్టేటప్పుడే నామినీ పేరు తప్పనిసరిగా ఇవ్వాలి కాబట్టి ఆ మేరకు నయం.

తండ్రి బతికుండగానే వ్యాపారం రాసిచ్చినా జీఎస్టీలో దారి ఇదే.. కొత్త రిజిస్ట్రేషన్, ఐటీసీ-02. కాకపోతే సంతకం పెట్టడానికి ఆయన ఉంటారు, ఏ పార్టీకి ఎంత బాకీ ఉందో చెప్పడానికీ ఆయనే ఉంటారు.