తుంగభద్ర నీటి పంపకం – అనంత వేరుశనగకు అదను

దేశసగటులో సగానికి మించని వర్షపాతం, జానెడు లోతుకే మొరపరాయి తగిలే ఎర్రనేలలు అనంతపురం పీఠభూమి లక్షణాలు. ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన కురిసే ఈ ప్రాంతానికి నమ్మదగిన ఉపరితల జలం చిరకాలంగా పొరుగు రాష్ట్రం నుంచే రావలసి ఉంది. పెన్నకు పుట్టినిల్లు కర్ణాటకలోని నందికొండలు. వేదవతిపై భైరవానితిప్ప జలాశయానికి ఎగువన వాణీవిలాస సాగరం ఉంది. వీటన్నిటికంటె జిల్లా సేద్యాన్ని ఎక్కువగా నిలబెట్టింది తుంగభద్ర ఎగువ కాలువ, రైతుల వాడుకలో హెచ్చెల్సీ.

ఈ జలాశయానికి పునాది రెండు వేరువేరు పాలనల మధ్య కుదిరిన ఒడంబడిక. 1944లో మద్రాసు ప్రభుత్వం, నిజాం హైదరాబాదు సంస్థానం చెరి 65 టి.ఎం.సి.లు వాడుకొనేందుకు అంగీకరించాయి. మరుసటి ఏడాది పని మొదలైంది. తీరా 1953లో నీరు పారే వేళకు సరిహద్దులు మారసాగాయి. ఆ ఏడు బళ్లారి, 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరాయి. ఆనకట్ట రెండు ఒడ్లూ ఎగువ రాష్ట్రానివయ్యాయి, అనంతపురం కాలువ దిగువన మిగిలింది. కేంద్రం నియమించిన అధ్యక్షుడు, భాగస్వామ్య రాష్ట్రాల ప్రతినిధులతో కూడిన తుంగభద్ర బోర్డు అందుకే అవసరమైంది.

బచావత్ ట్రిబ్యునల్ తీర్పు ననుసరించి జలాశయపు 230 టి.ఎం.సి.ల వినియోగంలో కర్ణాటకకు 151.49, ఆంధ్రప్రదేశ్‌కు 72, ప్రస్తుత తెలంగాణకు 6.51 టి.ఎం.సి.లు దక్కుతాయి. హెచ్చెల్సీ ద్వారా ఆంధ్రప్రదేశ్ వాటా 32.5 టి.ఎం.సి.లు. రాబడి తగ్గిన ఏడాది అందరి వాటా అదే నిష్పత్తిలో కోతపడుతుంది. లోటును కూడా పంచుకొనే ఈ ఏర్పాటు చెప్పుకోదగినదే. అయితే 133 టి.ఎం.సి.లతో మొదలైన నిల్వ సామర్థ్యం పూడిక వల్ల 2016 సర్వే నాటికి 105.788 టి.ఎం.సి.లకు దిగజారింది. కాగితంపై వాటా ఎంతున్నా చాలా ఏళ్లలో సరిహద్దు దాటేది తక్కువే.

కాని పైరుకు కావలసినది పరిమాణం ఒక్కటే కాదు, అదను. ఖరీఫ్ వేరుశనగ విత్తిన నలభై రోజులకు ఊడలు దిగడం మొదలై, కాయ ఊరే వరకు తేమకు అత్యంత సున్నితంగా ఉంటుంది. ఈ మెట్టలో ఆగస్టు, సెప్టెంబరు బెట్ట సరిగ్గా ఆ దశపైనే పడుతుంది. నేల గట్టిపడితే దిగిన ఊడ లోపలికి చొరదు. అప్పుడు ఒక్క 50 మి.మీ. రక్షక తడి అందితే పంట నిలుస్తుంది. నవంబరులో కాలువ నిండుగా పారినా ఆ పైరుకు ఒరిగేది లేదు.

లెక్క వేసి చూడవచ్చు. ఒక టి.ఎం.సి. అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 1,200 మి.మీ. కోరే వరికైతే అది సుమారు 5,800 ఎకరాలకు సరిపోతుంది. 50 మి.మీ. రక్షక తడిగా ఇస్తే దాదాపు 1.4 లక్షల ఎకరాలకు వస్తుంది. దారిలో సగం ఇంకిపోయిందనుకున్నా 70 వేల ఎకరాలు! ఎగువన వరి మళ్లను నిందించడానికి ఈ లెక్క చెప్పడం లేదు. హెచ్చెల్సీ కింద మన వైపు కూడా వరి ఉంది. పైగా మెట్ట చేలకు తడిని చేర్చే పిల్లకాలువలు, సేద్యపు కుంటలు, తుంపర పరికరాలు లేనిదే ఆ నీరు కాలువగట్టు దాటదు.

కాలాన్ని కూడా పంచుకొన్న ఒప్పందాలు లేకపోలేదు. 1996 నాటి భారత్–బంగ్లాదేశ్ గంగాజల ఒప్పందం ఫరక్కా వద్ద జనవరి నుంచి మే వరకు నీటిని పదేసి రోజుల వంతున లెక్కగడుతుంది. తుంగభద్ర బోర్డు కూడా సీజను ఆరంభంలో రాబడి అంచనా వేసి కాలువల వారీగా పంపకం నిర్ణయిస్తుంది. ఆ పట్టికలో అనంతపురం బెట్ట దశకు ముందే కేటాయించిన రెండు పదిరోజుల వంతులు చేర్చడం సాధ్యమే. అందుకు ఇరువైపుల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు విత్తిన తేదీలను, నేల తేమ వివరాలను బోర్డుకు అందించవలసి ఉంటుంది.

ఇరుగుపొరుగు కలిసి పనిచేయగలవని 2024 ఆగస్టు చూపింది. 10వ తేదీ రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినపుడు, నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో ప్రవహించే నీటిలోనే స్టాప్‌లాగ్‌లు దించి వారం రోజుల్లో వరదను ఆపారు. ఆ తరువాత వచ్చిన వరదతో జలాశయం మళ్లీ నిండింది. పూడిక నష్టానికి మాత్రం అలాంటి ఉమ్మడి పరిష్కారం ఇంకా కుదరలేదు. కర్ణాటక నవలి వద్ద సమతుల్య జలాశయం కోరుతోంది. ఆంధ్రప్రదేశ్ హెచ్చెల్సీకి సమాంతర కాలువను ప్రతిపాదించింది. రెండూ వరద రోజుల నీటినే ఆశిస్తున్నాయి కనుక వాటిని ఒకే బల్లపై పెట్టి చర్చించవలసి ఉంది. ఈలోగా కర్ణాటకలో 105 కిలోమీటర్లు నడిచి సరిహద్దు చేరే కాలువలో, ఆగస్టు చివరి వారంలో ఎన్ని క్యూసెక్కులు దాటాయన్నదే అనంత రైతుకు పనికివచ్చే అంకె.