తుఫాను తెచ్చిన అతిథులు

ఋగ్వేదం ప్రథమ మండలంలోని 116వ సూక్తంలో అశ్వినీదేవతలు భుజ్యుని రక్షించిన వృత్తాంతమున్నది. ద్వీపాంతరవాసులైన శత్రువులు తుగ్రుడనే రాజర్షిని బాధింపగా, వారిని జయించుటకు ఆయన తన కుమారుడైన భుజ్యుని సేనతో సహా నౌకలో పంపినాడనీ, నడిసముద్రంలో గాలితాకిడికి ఆ నౌక భగ్నమైనదనీ సాయణాచార్యులవారు భాష్యంలో వివరించినారు. పట్టుకొనుటకు ఆధారమే లేని ఆ జలరాశి నుండి అశ్వినులు నూరు తెడ్లుగల నావలో అతనిని గట్టెక్కించినారు.

అక్కడ ద్వీపవాసులు శత్రువులు, రక్షకులు దేవతలు. ద్వీపవాసులే రక్షకులైన ఉదంతమొకటి జపానులో జరిగినది.

ఆటోమన్ సుల్తాను పంపిన ఎర్తుగ్రుల్ అనే యుద్ధనౌక, జపాను చక్రవర్తికి కానుకలు సమర్పించి తిరుగు ప్రయాణమైనది. 1890 సెప్టెంబరు 16 రాత్రి కీ-ఓషిమా ద్వీపం చెంత తుఫానులో చిక్కి, రాళ్ళకు కొట్టుకొని పగిలిపోయినది. ఐదువందల మందికి పైగా మరణించినారు. మిగిలినవారు 69 మంది. వారిలో కొందరు ఆ చీకటిలోనే కొండచరియ ఎగబ్రాకి దీపస్తంభం చేరినారు. ఒకరి భాష మరొకరికి తెలియదు. కావలివారు దేశదేశాల జెండాల బొమ్మలున్న పుస్తకం చూపగా, నావికులు తమ జెండాను వ్రేలితో చూపినారట!

ఆ గ్రామస్థులు చేపలవేటతో బ్రతికే పేదలు. చలికి కొయ్యబారిన పరదేశులను తమ ఒంటి వేడితో కాచినారు. తమ బట్టలు తొడిగినారు. కష్టకాలానికి దాచుకొన్న చిలగడదుంపలు, పెంచుకొన్న కోళ్ళు వండిపెట్టినారు. (ఆహారనియమాల చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఉన్నది పెట్టినారు, అంతే.) మృతదేహాలను వెదకి తెచ్చి ఖననం చేసినారు.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి, వసతికై వచ్చినవానిని కాదనరాదని వ్రతం విధించి, అందుకొరకే అన్నం సమృద్ధిగా సంపాదించుకొమ్మన్నది. పాఠశాలలో ఆ అనువాకం వల్లించేనాడు, ముందు సమృద్ధి, పిమ్మట ఆతిథ్యం అని నేననుకొన్నాను. ఓషిమావారికి సమృద్ధి ఎక్కడిది? ఆ ఉపనిషత్తు పేరైనా వారు విని ఉండరు. అయినా వ్రతం తప్పలేదు. నిండుగాదెలుండీ, "వేళకాని వేళ వచ్చినాడే!" అని విసుగుకొనే ఇండ్లు మనలో లేవా? తిథి చూచి రానివాడే కదా అతిథి!

బ్రతికినవారిని 1891 జనవరిలో జపాను యుద్ధనౌకలు రెండు ఇస్తాంబుల్ చేర్చినవి. తుర్కీవారు ఆ ఉపకారం మరువలేదు. 1985లో ఇరాన్–ఇరాక్ యుద్ధవేళ టెహరానులో చిక్కిన 215 మంది జపానీయులను తమ విమానాలలో వెలుపలికి చేర్చినారు.