ఒకే పెట్టెలో రెండు ఆయుష్షులు

2014 సెప్టెంబర్‌లో డెల్ కంపెనీ ఒక 27 అంగుళాల మానిటర్‌ను ప్రకటించింది. ధర 2,499 డాలర్లు. అడ్డంగా 5120, నిలువుగా 2880, మొత్తం కోటీ 47 లక్షల పిక్సెళ్లు. మరుసటి నెల 16న ఆపిల్ కొత్త ఐమాక్‌ను తెచ్చింది. తెర సైజు అదే, పిక్సెళ్లూ అన్నే, ధర కూడా 2,499 డాలర్లే. కాకపోతే ఇందులో తెరతో పాటు ప్రాసెసర్, మెమరీ, డిస్క్, స్పీకర్లు, కెమెరా, కీబోర్డు, మౌస్ అన్నీ ఉన్నాయి. తెర కొంటే కంప్యూటర్ కొసరుగా వచ్చినట్టు.

ఆల్-ఇన్-వన్ కంప్యూటర్‌కు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుందా అని ఎవరైనా అడిగితే చెప్పాల్సిన కథ ఇదే. అయితే ఇది సగమే. మిగతా సగం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం ఆపిల్ కనిపెట్టిన విద్యేం కాదు. 1977లోనే కమొడోర్ కంపెనీ ‘పెట్’ అనే యంత్రంలో తెర, కీబోర్డు, క్యాసెట్ ప్లేయర్ మూడింటినీ కలిపి బిగించింది. ఇంటికి తెచ్చి ప్లగ్ పెడితే చాలు. పేచీ మొదలైంది మాత్రం 1984 జనవరి 24న వచ్చిన మెకింటోష్‌తో. 9 అంగుళాల నలుపు-తెలుపు తెర, 128 కిలోబైట్ల మెమరీ, ఎత్తుకెళ్లడానికి నెత్తిన ఒక పిడి. 1,995 డాలర్లకు అమ్ముదామనుకున్నది ప్రచారం ఖర్చు కలిసేసరికి 2,495 అయింది.

స్టీవ్ జాబ్స్‌కు రెండు పట్టుదలలు. ఫ్యాన్ చప్పుడు వినపడకూడదు, కొన్నవాడు పెట్టె విప్పకూడదు. విప్పాలంటే నక్షత్రం మొన ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ కావాలి. పిడి దగ్గర లోతుగా దిగిన మరలు మామూలు స్క్రూడ్రైవర్‌కు అందవు. పట్టుబట్టి విప్పినవాడికి వెనుక మూత లోపలి వైపు తయారీ బృందం సంతకాలు అచ్చుపోసి కనిపిస్తాయి. వాటితో పాటు పిక్చర్ ట్యూబ్ కూడా. కరెంటు తీసేశాక కూడా అది వేల వోల్టులు దాచుకుని ఉండొచ్చు, తెలియక చెయ్యి పెడితే అంతే.

ఫ్యాన్ లేకపోతే వేడి ఎటు పోవాలి? వేడిగాలి తేలిక గనుక పైకి లేచి, పిడి దగ్గరి సందుల్లోంచి బయటికి పోతుందనేది లెక్క. సిద్ధాంతం బాగానే ఉంది. ఆచరణలో ట్యూబూ, పవర్ సప్లై పుట్టించే వేడి అక్కడే మసిలి, పవర్ సప్లై బోర్డే ముందుగా పాడయ్యేది. గాలి లాగడానికి పెట్టె మీద అట్టతో చేసిన పొగగొట్టం నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు! 1987లో వచ్చిన ఎస్ఈ మోడల్‌తో ఆపిల్ దిగొచ్చి ఫ్యాన్ పెట్టింది.

మెమరీ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 128 కిలోబైట్లు త్వరలోనే చాలవని సర్క్యూట్ రూపొందించిన బరెల్ స్మిత్‌కు ముందే తెలుసు. బోర్డు మీద నాలుగు గీతలు ఎక్కువ వేస్తే చాలు, రేపు ఎవరైనా సోల్డరింగ్ చేసి పెద్ద చిప్‌లు పెట్టుకోవచ్చు. ఖర్చు పైసల్లోనే. జాబ్స్ ఒప్పుకోలేదు. మెమరీ కావాలంటే కొత్త మెషీన్ కొంటారు కదా అన్నది ఆయన ఆలోచన. స్మిత్ ఆ గీతల్ని చెరపకుండా అలాగే ఉంచేశాడు, ఎవరూ జాబ్స్ చెవిన వేయలేదు. 1984 సెప్టెంబర్‌లోనే 512 కిలోబైట్ల మెకింటోష్ వచ్చింది.

తర్వాతి దశలు చకచకా చెప్పేయవచ్చు. 1998లో నీలిరంగు పారదర్శక పెట్టెతో తొలి ఐమాక్ 1,299 డాలర్లకు వచ్చి, దివాలా అంచున ఉన్న కంపెనీని నిలబెట్టింది. 2002లో ట్యూబు పోయింది, 2004లో కంప్యూటర్ మొత్తం పల్చటి తెర వెనక్కి చేరింది. ఆ ఐమాక్ జీ5 వెనుక మూత మూడు మరలు తిప్పితే ఊడొచ్చేది. వాటిలో కొన్నింట్లో నాసి కెపాసిటర్లు ఉబ్బి చెడితే ఆపిలే ఉచితంగా బాగుచేయాల్సి వచ్చింది. 2012 నాటికి అంచు 5 మిల్లీమీటర్లకు తగ్గింది, తెరను జిగురుతో అతికించడం మొదలైంది. 21.5 అంగుళాల మోడల్‌లో మెమరీ మార్చాలంటే సన్నటి చక్రంతో అంచు పొడవునా జిగురు కోసి, గాజు తెర ఊడదీయాలి. పని అయ్యాక కొత్త జిగురు పట్టీలతో మళ్లీ అతికించాలి. ఆ మందం తగ్గించింది ఎవరి కోసమో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. బల్ల మీద కూర్చున్న యంత్రాన్ని పక్కనుంచి ఎవరు చూస్తారు?

ఇప్పుడు 2014 నాటి ఐమాక్ దగ్గరికి వద్దాం. కోటీ 47 లక్షల పిక్సెళ్లను సెకనుకు 60 సార్లు కొత్తగా గీయాలి. ఒక్కో పిక్సెల్ రంగుకు 24 బిట్లు. గుణిస్తే సెకనుకు 2,100 కోట్ల బిట్లు దాటుతుంది. అప్పటి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మోయగలిగిన బొమ్మ సమాచారం 1,728 కోట్ల బిట్లే. అందుకే డెల్ మానిటర్‌కు రెండు కేబుళ్లు పెట్టాల్సి వచ్చింది. ఆపిల్‌కు ఆ బాధ లేదు. తెరా కంప్యూటరూ ఒకే పెట్టెలో ఉన్నాయి గనుక, మధ్యలో తన సొంత నియంత్రణ చిప్ పెట్టి పని కానిచ్చింది. ఒకే పెట్టె వల్ల ఇంత నికరమైన లాభం వచ్చిన సందర్భం ఇంకొకటి నాకు కనిపించదు.

నష్టం కూడా సరిగ్గా అక్కడే ఉంది. 2009 చివర్లో వచ్చిన 27 అంగుళాల ఐమాక్‌కు ఇంకో కంప్యూటర్ తగిలించి, దాన్ని మానిటర్‌గా వాడుకునే వీలుండేది. 2014 నాటి ఐమాక్‌లో అది తీసేశారు, ఎందుకంటే బయటి నుంచి అన్ని బిట్లు తెచ్చే ఒక్క కేబుల్ అప్పట్లో లేదు. 2020లో వచ్చిన బిగ్ సర్ తర్వాత ఆ యంత్రానికి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాలేదు. ప్రాసెసర్ ముసలిదైంది. తెర చూస్తే ఇవాళ్టికీ చాలా మానిటర్లను తలదన్నేలా ఉంది. తెర మంచి వయసులో ఉండగా దాన్ని నడిపే బోర్డు పదవీ విరమణ చేసింది. చేయి తిరిగినవాళ్లు కొందరు ఆ ప్యానెల్ ఊడదీసి, చైనా నుంచి తెప్పించిన కంట్రోలర్ బోర్డు బిగించి మానిటర్‌గా మార్చుకుంటున్నారు. అందరి వల్లా అయ్యే పని కాదది.

ఆపిల్ కూడా చివరికి విడాకులే మేలనుకుంది. 2022 మార్చిలో 27 అంగుళాల ఐమాక్‌ను ఆపేసి, అన్నే పిక్సెళ్లున్న స్టూడియో డిస్‌ప్లేను విడిగా 1,599 డాలర్లకు పెట్టింది. అంతకు ముందు కంప్యూటర్‌తో కలిపి 1,799 ఉండేది! కొనేవాడికి ఒక్కసారిగా బరువే. కానీ ఈ తెర రేపు కొనే ఇంకో కంప్యూటర్‌కూ పనికొస్తుంది.

మన దుకాణాల్లో, సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ల మార్కెట్‌లో కావచ్చు, ఆన్‌లైన్‌లో కావచ్చు, దొరికే విండోస్ ఆల్-ఇన్-వన్‌లకు ఆ 2014 నాటి వాదన వర్తించదు. వాటిలో చాలావాటికి 24 అంగుళాల మామూలు ఫుల్ హెచ్‌డీ తెరే. అలాంటి మానిటర్ విడిగా పదివేల లోపే వస్తుంది. ఇక లోపల చూస్తే చాలా మోడళ్లలో ఉండేది ల్యాప్‌టాప్ ప్రాసెసర్. పేరు చివర ‘యూ’ అని ఉంటే అది సుమారు 15 వాట్లతో బతకమని తయారైన చిప్ అని అర్థం. డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో కూర్చునేది తరచుగా 65 వాట్లది. తెర వెనుక రెండు వేళ్ల సందులో అంత వేడిని వదిలించుకోవడం కష్టం కాబట్టే ఈ ఏర్పాటు. అంటే ల్యాప్‌టాప్ గుండెకాయ పెట్టి, దాని బ్యాటరీ మాత్రం తీసేశారు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది, ఇది ఆగిపోతుంది. యూపీఎస్ ఖర్చు కూడా కలుపుకోండి.

అలాగని పూర్తిగా తీసిపారేయను. ఆసుపత్రి రిసెప్షన్‌కో, నగల దుకాణం కౌంటర్‌కో వైర్లు కనిపించని ఒక్క ప్లగ్ యంత్రం హాయి. అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియోలో మాట్లాడే అమ్మానాన్నలకు కెమెరా, మైకు, స్పీకర్లు అన్నీ అమరి ఉండటం చిన్న సుఖమేం కాదు. పదేళ్లు వాడాలనుకునేవాళ్లకు, మధ్యలో గేమ్‌లకో వీడియో ఎడిటింగ్‌కో సత్తువ పెంచుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఇది తగదు. మంచి మానిటర్, దాని వెనుకే బిగించుకోగల మినీ పీసీ కొనుక్కుంటే బల్ల మీద పట్టే చోటు దాదాపు అంతే, ఒకటి పోతే ఒకటే మార్చుకోవచ్చు.

ఆల్-ఇన్-వనే కావాలనుకుంటే రెండు ప్రశ్నలు అడిగి కొనండి. మెమరీ, ఎస్ఎస్‌డీ మార్చుకునే వీలుందా? బయటి కంప్యూటర్ బొమ్మను ఈ తెర మీదికి తీసుకునే హెచ్‌డీఎంఐ ‘ఇన్’ ఉందా? ‘ఔట్’ చూపించి ఉందంటారు, రెండింటి ఆకారమూ ఒకటే, రాసి ఉన్న అక్షరాలు మీరే చదువుకోండి. ‘ఇన్’ ఉంటే కంప్యూటర్ పోయాక కూడా తెర మీ చేతిలోనే ఉంటుంది. రెండు ప్రశ్నలకూ జవాబు ‘లేదు’ అయితే ఆ ధరకు అది దండగ.