చైనాలో మూడు రోజులు: వెయ్యేళ్ల మస్జిద్ ఉన్న చ్వాన్‌జౌకు వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

ఐదేళ్లు ఆగిపోయిన భారత్-చైనా నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. వ్యాపారం కోసం గ్వాంగ్‌జౌ వెళ్లొచ్చేవాళ్లు మన ఊళ్లలో ముందు నుంచీ ఉన్నారు. ఇప్పుడు కుటుంబంతో నాలుగు రోజులు చూసి వద్దామనే ఆలోచన కూడా పెరుగుతోంది. అయితే ముస్లిం కుటుంబాలకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్నలు మూడే. అక్కడ ఏం తింటాం? నమాజ్ ఎక్కడ చదువుతాం? భాష రాని చోట పెద్దవాళ్లను, పిల్లలను ఎలా తిప్పుతాం?

ఈ మూడింటికీ జవాబు దొరికే ఊరు ఒకటుంది. దక్షిణ చైనాలో, ఫూజియాన్ రాష్ట్రపు సముద్రతీరంలో ఉన్న చ్వాన్‌జౌ. జిల్లా మొత్తం కలిపితే పెద్దదే గానీ, చూడాల్సిన పాత నగరం మాత్రం చిన్నది. చాలా భాగం నడిచే చూడొచ్చు. ఇంగ్లీషులో దీని పేరు 'క్యూ' అక్షరంతో మొదలవుతుంది. గ్వాంగ్‌జౌ పేరుకు దగ్గరగా ఉండడంతో టికెట్ల దగ్గర పొరపాటు పడే ప్రమాదం ఉంది. బుక్ చేసే ముందు స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకోవాలి.

ఈ ఊరే ఎందుకు?

అరబ్బు వర్తకులు ఈ నగరాన్ని 'జైతూన్' అనేవారు. ఢిల్లీ సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాయబారిగా చైనాకు బయలుదేరిన ఇబ్న్ బతూతా 14వ శతాబ్దంలో ఇక్కడ దిగాడు. ప్రపంచంలోని అతి పెద్ద రేవుల్లో ఇదొకటని రాసుకున్నాడు. మార్కోపోలో కూడా ఈ రేవును వర్ణించాడు. అదే మార్కోపోలో మన ఆంధ్ర తీరంలోని మోటుపల్లి గురించీ రాశాడు. మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. ముత్యాలు, పట్టు, కర్పూరం, గంధం లాంటి సరుకులపై సుంకాలు అందులో ఉన్నాయి. ఆ కాలపు సముద్ర వ్యాపారంలో ఒక కొస మోటుపల్లి అయితే, ఇంకో కొస జైతూన్.

2021లో యునెస్కో ఈ నగరంలోని 22 స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఒక మస్జిద్, ఒక ఇస్లామీ సమాధుల స్థలం కూడా ఉన్నాయి.

ఎలా వెళ్లాలి?

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు చైనా వీసా తప్పనిసరి. కొన్ని దేశాల వారికి ఇచ్చే వీసా లేని ట్రాన్సిట్ సౌకర్యం మనకు వర్తించదు. హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు కాబట్టి, కనీసం రెండు నెలల ముందే పని మొదలుపెట్టడం మంచిది. హోటల్ బుకింగ్, రానుపోను టికెట్లు చూపించాలి గనుక క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే తీసుకోవాలి.

దారులు మూడున్నాయి. కౌలాలంపూర్ లేదా సింగపూర్ మీదుగా షియామెన్ చేరి, అక్కడి నుంచి హైస్పీడ్ రైలెక్కితే గంటలోపే చ్వాన్‌జౌ. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇదే సుఖం. మధ్యలో ఆగిన చోట హలాల్ భోజనానికీ లోటుండదు. రెండోది గ్వాంగ్‌జౌ దాకా విమానం, అక్కడి నుంచి రైలు. దీనికి దాదాపు ఒక పూట పోతుంది. మూడోది హాంకాంగ్ మీదుగా. హాంకాంగ్ నగరంలోకి అడుగుపెట్టాలంటే భారతీయులు ముందుగా ఆన్‌లైన్‌లో ఉచిత రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. చైనా వీసా ఉన్నా ఇది వేరే పని.

రైలు టికెట్ పాస్‌పోర్ట్ నంబరు మీదే ఇస్తారు. స్టేషన్‌లోనూ, మ్యూజియంలోనూ పాస్‌పోర్ట్ అడుగుతారు. అసలు పాస్‌పోర్ట్ ఎప్పుడూ దగ్గరుండాలి, జిరాక్స్ పనికిరాదు.

అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు వరకు తుఫాన్ల కాలం. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, చైనా కొత్త సంవత్సరం రోజులు తప్పించుకోవాలి. ఆ రోజుల్లో రైళ్లలో సీటు దొరకదు, హోటల్ ధరలు మండిపోతాయి.

ఫోను, డబ్బు: ఇంట్లోనే సర్దుకోవాలి

అక్కడ చాయ్ కొట్టు నుంచి టాక్సీ దాకా చెల్లింపులన్నీ ఫోన్‌లోనే. మన ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేయవు. అలీపే యాప్‌ను బయలుదేరకముందే దించుకుని, పాస్‌పోర్ట్ వివరాలు ఇచ్చి, వీసా లేదా మాస్టర్‌కార్డ్‌ను జోడించుకోవాలి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయకపోతే కార్డు పలకదు. ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ ఉండాలి. టాక్సీ కూడా అలీపేలోంచే పిలవొచ్చు. ఇంట్లో ఇద్దరి ఫోన్లలో యాప్ ఉంటే ఒక ఫోను ఛార్జింగ్ అయిపోయినా ఇబ్బంది ఉండదు. కొంత యువాన్ నగదు కూడా ఉంచుకోవాలి.

అక్కడి హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ రావు. మన సిమ్ అంతర్జాతీయ రోమింగ్‌లో ఉంటే మాత్రం సాధారణంగా పనిచేస్తాయి. అందరికీ రోమింగ్ ప్యాక్ అక్కర్లేదు, ఒకరిద్దరికి ఉంటే చాలు. ఇంటి దగ్గర అమ్మీ, అబ్బా కంగారు పడకుండా ఈ సంగతి ముందే చెప్పి వెళ్లాలి. అనువాద యాప్‌లో చైనీస్ భాషను ఆఫ్‌లైన్‌లో వాడుకునేలా దించుకుంటే సిగ్నల్ లేని చోటా మాట నడుస్తుంది.

తిండి: అసలు పరీక్ష ఇక్కడే

ఫూజియాన్ వంటల్లో పంది మాంసం ఎక్కువ. పంది కొవ్వుతో వేయించడం మామూలే. 'మాంసం వద్దు' అంటే సరిపోదు. కూరగాయలూ అదే కొవ్వులో వేగొచ్చు, చేపల్లో వంట సారా పడొచ్చు. అడగాల్సింది ఏ నూనె, ఏ సారా, ఏ మూకుడు అని. ఈ మూడు ప్రశ్నలు చైనీస్‌లో టైపు చేయించి ఫోటోగా దాచుకుంటే ప్రతిచోటా చూపించొచ్చు.

హలాల్‌ను చైనాలో 'చింగ్‌జెన్' అంటారు. చింగ్‌జెన్ హోటళ్ల బోర్డు చాలాసార్లు ఆకుపచ్చగా ఉంటుంది, కొన్నింటి మీద అరబీ అక్షరాలూ ఉంటాయి. ఈ మధ్య చాలా చోట్ల అరబీ తీసేశారు. కాబట్టి ఆ చైనీస్ అక్షరాలు రెండూ గుర్తుపట్టడం పిల్లలకు ముందే నేర్పితే వాళ్లే వెతికిపెడతారు. వాయవ్య చైనా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు దేశమంతటా 'లాన్‌జౌ' నూడుల్స్ హోటళ్లు నడుపుతున్నాయి. పిండిని చేత్తో సాగదీసి, గొడ్డు మాంసం షోర్వాలో వేసి ఇస్తారు. దక్షిణ నగరాల్లో మన కుటుంబాలకు పెద్ద ఆసరా ఇవే. అయితే లాన్‌జౌ పేరున్న ప్రతి హోటలూ హలాల్ కాదు, బోర్డు మీద చింగ్‌జెన్ ఉందో లేదో చూశాకే కూర్చోవాలి.

సముద్రతీరపు ఊరు గనుక ఆల్చిప్పలు, స్క్విడ్, పీతలు ప్రతి వీధిలో కనిపిస్తాయి. హనఫీ మజ్‌హబ్ పాటించే ఇళ్లలో వీటి విషయం వేరు. సందేహం ఉంటే బయలుదేరే ముందే మీ ఆలింను అడిగి తేల్చుకోవడం మేలు.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలి? మాంసం, పాలతో చేసినవి, తాజా పండ్లు చైనా కస్టమ్స్ అనుమతించదు. అంటే మటన్ పచ్చడి, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. రెడీమేడ్ ఉప్మా, అటుకులు, కందిపొడి, రస్కులు చాలు. అక్కడ హోటల్ గదిలో నీళ్లు కాచే కెటిల్ మామూలుగా ఉంటుంది. పొద్దున నాష్తా గదిలో అయిపోతే బయట వెతకాల్సింది ఒక పూటో, రెండు పూటలో.

నమాజ్: తెలిసి ఉండాల్సిన నియమాలు

చైనా సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఖిబ్లా దాదాపు హైదరాబాద్‌లో ఉన్నట్టే, పడమరకు కాస్త ఉత్తరంగా. మూడు నాలుగు రోజుల ప్రయాణం కాబట్టి ముసాఫిర్‌కు ఉన్న ఖస్ర్ వెసులుబాటు వర్తిస్తుంది.

మత కార్యక్రమాలు రిజిస్టరైన ప్రార్థనా స్థలాల్లోనే జరగాలన్నది అక్కడి చట్టం. నమాజ్ హోటల్ గదిలో గానీ, మస్జిద్‌లో గానీ చదువుకోవాలి. పార్కులో, స్టేషన్‌లో జమాత్ కట్టకూడదు. సొంతానికి ఒక ముస్‌హఫ్ ఉంచుకోవచ్చు, పంచడానికి పుస్తకాలు తీసుకెళ్లకూడదు. బాత్రూముల్లో నీళ్ల ఏర్పాటు తక్కువ గనుక ఒక చిన్న సీసా లేదా లోటా వెంట ఉండాలి.

మూడు రోజుల ప్లాన్: జుమా మధ్యలో రావాలి

చూసే చోట్లు ముందు రాసుకుని నమాజ్‌ను ఇరికించే బదులు, జుమాను మధ్యలో పెట్టుకుని మిగతాది చుట్టూ అల్లుకుంటే ఈ ప్రయాణం తేలికవుతుంది. గురువారం చేరి, శనివారం రాత్రి లేదా ఆదివారం బయలుదేరాలి. అక్కడి మ్యూజియాలు సాధారణంగా సోమవారం మూసి ఉంటాయి. ఈ లెక్కలో ఆ చిక్కూ రాదు.

గురువారం: సాయంత్రం పాత నగరంలోని వెస్ట్ స్ట్రీట్. పక్కనే 686లో మొదలైన కైయువాన్ బౌద్ధాలయం, 13వ శతాబ్దపు రెండు ఎత్తైన రాతి గోపురాలు. ఆలయం వెనుక స్తంభాల మీద దక్షిణ భారత శైలి హిందూ శిల్పాలున్నాయి. ఇక్కడ స్థిరపడిన తమిళ వర్తకులు కట్టుకున్న గుడి తాలూకు రాళ్లవి. 1281 నాటి తమిళ శాసనం కూడా ఈ నగరంలో దొరికింది.

శుక్రవారం: ఉదయం సముద్రయాన మ్యూజియం. వందల ఏళ్ల నాటి అరబీ, ఫార్సీ సమాధి రాళ్లు ఇక్కడ వరసగా ఉన్నాయి. వాటి వెనుక ఒక విషాదం ఉంది. 1357 నుంచి 1366 వరకు ఇక్కడ తిరుగుబాట్లు సాగాయి. వాటి ముగింపులో విదేశీ ముస్లింలు ఊచకోతకు గురయ్యారు. వాళ్ల సమాధి రాళ్లు నగర గోడల కట్టుబడిలో కలిసిపోయాయి. 20వ శతాబ్దంలో ఆ గోడలు కూల్చినప్పుడు వూ వెన్‌లియాంగ్ అనే స్థానిక ఉపాధ్యాయుడు ఒక్కొక్క రాయీ ఏరి దాచాడు. ఆయన ముస్లిం కాదు. ఆయన లేకపోతే ఎన్నో పేర్లు మట్టిలోనే పోయేవి.

మధ్యాహ్నం తూమెన్ వీధిలోని చింగ్‌జింగ్ మస్జిద్‌లో జుమా. దీన్ని అస్‌హాబ్ మస్జిద్ అనీ అంటారు. హిజ్రీ 400లో, అంటే 1009-10లో కట్టారనీ, హిజ్రీ 710లో బాగుచేశారనీ అక్కడి అరబీ శాసనం చెబుతోంది. పాత నమాజ్ హాలుకు ఇప్పుడు పైకప్పు లేదు, రాతి గోడలు, ఆయతులు చెక్కిన మిహ్రాబ్ నిలిచాయి. నమాజ్ పక్కనున్న వేరే హాలులో జరుగుతుంది. ముస్లింలను వేధించరాదంటూ మింగ్ చక్రవర్తి యోంగ్‌లె 1407లో ఇచ్చిన ఫర్మానా శిల కూడా ఇక్కడుంది.

అసర్ తర్వాత నగరానికి తూర్పున లింగ్‌షాన్ కొండ. ప్రవక్త (స) కాలంలో వచ్చిన ఇద్దరు పుణ్యపురుషుల సమాధులు ఇక్కడున్నాయని స్థానిక సంప్రదాయం. చరిత్రకారులు దీన్ని రూఢి చేయలేదు. 1417లో ముస్లిం నౌకాధిపతి జెంగ్ హె తన ఐదో సముద్రయాత్రకు ముందు ఇక్కడికి వచ్చినట్టు శిలాఫలకం ఉంది. దగ్గర్లోనే తోస్తే కదిలే పెద్ద బండరాయి ఉంది. పిల్లలకు అది సరదా.

శనివారం: 1053-59 మధ్య కట్టిన లోయాంగ్ రాతి వంతెన. పునాది రాళ్లు గట్టిగా అతుక్కోవడానికి వాటిపై ఆల్చిప్పలను పెంచారు. ఆ తర్వాత షున్‌పూ పల్లె. ఆల్చిప్పల గోడలున్న ఇళ్లు, కొప్పు చుట్టూ పూలదండలు తురుముకున్న ఆడవాళ్లు కనిపిస్తారు.

సమయం మిగిలితే దగ్గర్లోని చెన్‌దాయ్‌లో డింగ్ వంశం వారి పూర్వీకుల మందిరం చూడొచ్చు. వీళ్లు పాత ముస్లిం వర్తకుల సంతతి. ప్రభుత్వ లెక్కల్లో ఇప్పటికీ 'హుయ్' వర్గం, అంటే ముస్లిం మూలాల వారు. నమాజ్, రోజా చాలా ఇళ్లలో ఏనాడో పోయాయి. అయినా తాతముత్తాతలకు పెట్టే నైవేద్యంలో పంది మాంసం ఉంచరు. ఏడు వందల ఏళ్లలో ఒక కుటుంబం దగ్గర ఏం పోతుందో, ఏం మిగులుతుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ముందుగా ఏది?

వీసా, తర్వాత జుమా కలిసొచ్చే తేదీలు, తర్వాత మస్జిద్‌కు నడిచి వెళ్లేంత దూరంలో విదేశీయులను తీసుకునే హోటల్, చివర్లో అలీపే, రోమింగ్. ఈ వరస తప్పకపోతే అక్కడ చేరాక తిండికీ, నమాజ్‌కీ వెతుకులాట ఉండదు. మూడు రోజులూ ఊరు చూడటానికే మిగులుతాయి.