బాబుకి ఆటలమ్మ, అమ్మకి అయిదో నెల

డేకేర్ నుంచి వచ్చిన రెండేళ్ల బాబుకి జ్వరం, ఒంటిమీద నీటి పొక్కులు. అమెరికాలో మనవాళ్లు వెంటనే పిల్లల డాక్టరుకి ఫోన్ చేస్తారు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె డాక్టరుకీ అదే రోజు చెప్పాలి. గర్భంతో ఉన్నవారికి ఇది న్యుమోనియాకు దారితీయొచ్చు.

చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా? ఊళ్లో మీ అమ్మగారిని అడగండి. పోసి ఉంటే సాధారణంగా భయం లేదు. ఆవిడకీ గుర్తులేకపోతే ఐజీజీ రక్తపరీక్ష చెబుతుంది. రక్షణ లేదని తేలితే వారిజిగ్ ఇంజెక్షన్ ఉంది, కానీ 10 రోజుల్లోపే ఇవ్వాలి. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందే ఇది అంటుతుంది, కాబట్టి ఆ లెక్క అప్పుడే మొదలైనట్టు. టీకా గర్భిణులకు వేయరు.

క్లినిక్‌కి చెప్పకుండా వెళ్లకండి, వెయిటింగ్ రూములో ఇంకో గర్భిణి ఉండొచ్చు. వేపాకు మీ ఇష్టం, బాబుకి ఆస్పిరిన్ మాత్రం వద్దు.