కరెంటు పోయినా అలారం మోగాలి

టీకాల ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని మనందరికీ తెలుసు. వేడెక్కితే టీకాల శక్తి తగ్గిపోతుంది. హెపటైటిస్ బి, పెంటావాలెంట్ వంటివి గడ్డకడితే, మళ్లీ కరిగినా పనికిరావు. అందుకే మా మరమ్మతుల విభాగంలో ఒక చిన్న అలారం తయారుచేసుకున్నాము. ఫ్రిజ్‌లో ఒక సెన్సారు, బయట మైక్రోకంట్రోలరు బోర్డు, దానికి ఒక బజ్జరు. ఉష్ణోగ్రత హద్దు దాటితే బజ్జరు మోగుతుంది.

ఒక రాత్రి ఆ గది ఎం.సి.బి. ఒక్కటే పడిపోయింది. వార్డుల్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి కనుక ఎవరూ గమనించలేదు. ఫ్రిజ్ ఆగింది. అదే లైను నుండి కరెంటు తీసుకుంటున్న అలారం కూడా ఆగింది. తెల్లవారి సిస్టర్ గారు తలుపు తీసేసరికి థర్మామీటరు 14 డిగ్రీలు చూపిస్తోంది. ఆ టీకాలను పక్కన పెట్టి, పసిబిడ్డలను ఎత్తుకొని ఊళ్ల నుండి వచ్చిన తల్లులను తిప్పి పంపవలసి వచ్చింది. తప్పు మాదే. కరెంటు పోయినప్పుడే అవసరమయ్యే వస్తువును ఆ కరెంటు మీదే నడిపాము.

ఎలా మార్చాము?

అలారానికి 15 వోల్టుల డి.సి. అడాప్టరు, 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ సీల్డ్ బ్యాటరీ రెండూ పెట్టాము. ఒక్కొక్క దాని ప్లస్ తీగలో ఒక్కొక్క డయోడు వేసి, వాటి అవతలి కొసలను కలిపి 5 వోల్టుల రెగ్యులేటరుకు, అక్కడి నుండి మైక్రోకంట్రోలరుకు ఇచ్చాము. మైనస్ తీగలన్నీ ఒకచోట కలిపాము. డయోడు కరెంటును ఒక వైపుకే పోనిస్తుంది. అడాప్టరు వోల్టేజి ఎక్కువ కాబట్టి, కరెంటు ఉన్నంతసేపు బోర్డు దాని మీదే నడుస్తుంది. పోగానే బ్యాటరీ అందుకుంటుంది. రిలే పెడితే అది మారే క్షణంలో బోర్డు రీసెట్ కావచ్చు. డయోడుతో ఆ బెడద లేదు.

బ్యాటరీకి విడిగా 13.5 నుండి 13.8 వోల్టుల ఫ్లోట్ చార్జరు ఉంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే 1 ఆంపియర్ ఫ్యూజు వేశాము. దీన్ని మరువకూడదు. తీగలు ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది.

మా బోర్డుకు 50 మిల్లీ ఆంపియర్లు చాలు. బ్యాటరీలో సగమే లెక్కవేసుకున్నా 70 గంటలు నడుస్తుంది. బజ్జరు మోగుతూ ఉంటే కొంత తగ్గుతుంది.

ఇంకొక పని కూడా చేశాము. అడాప్టరు వైపు, డయోడుకు ముందు, 10 కిలో ఓములు, 3.3 కిలో ఓముల రెసిస్టర్లతో వోల్టేజిని 3.7కు తగ్గించి మైక్రోకంట్రోలరు పిన్ను ఒకదానికి ఇచ్చాము. అక్కడ వోల్టేజి పోయిందంటే ఫ్రిజ్‌కు కూడా కరెంటు లేదని అర్థం. అందుకే అడాప్టరును ఫ్రిజ్ లైనులోనే ఉంచాము. ఇప్పుడు ఫ్రిజ్ వేడెక్కకముందే బజ్జరు పిలుస్తుంది.

సిస్టర్లకు మా మనవి

బ్యాటరీ కాపాడేది అలారాన్నే, ఫ్రిజ్‌ను కాదు. బజ్జరు మోగితే తలుపు ఊరికే తెరవకండి. టైము, ఉష్ణోగ్రత రాసి మాకు కబురు పంపండి. 8 డిగ్రీలకు దగ్గరపడుతుంటే టీకాలను ఐస్‌ప్యాకుల పెట్టెలోకి మార్చండి. ప్యాకును ఊపితే లోపల నీటి చప్పుడు వినిపించాకే పెట్టండి. లేకపోతే టీకా గడ్డకట్టవచ్చు.

ప్రతి నెలా మేము అడాప్టరు, చార్జరు ప్లగ్గులు పీకి ఒక గంటసేపు చూస్తున్నాము. బ్యాటరీకి వయసుంటుంది. ఎండలు ఎక్కువగా ఉండే చోట అది ఇంకా త్వరగా ముసలిదవుతుంది. ప్లగ్గు పీకినప్పుడు మోగని అలారం ఉన్నా లేనట్టే.